పాత వస్తువుకు పక్కాగా ఫోటో రికార్డు తయారు చేయడం ఎలా: మామూలు వెలుతురు నుంచి ఇన్‌ఫ్రారెడ్ దాకా

ఒక చెక్క విగ్రహం మీద సన్నటి పగులు కనబడింది అనుకోండి. ఇది ఈమధ్య వచ్చిందా, పదేళ్ల కిందటే ఉందా అని కన్సర్వేటర్, అంటే పాత వస్తువులను పరిరక్షించే నిపుణులు, అడుగుతారు. రికార్డులోని పాత ఫోటో తీసి చూస్తే విగ్రహం నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద, ఒక పక్క నాటకీయంగా నీడ పడి, పోస్టర్ వేసుకునేంత బాగుంటుంది. పగులు ఉండాల్సిన చోట మాత్రం ఆ నీడే ఉంటుంది. ఎంత దూరం నుంచి తీశారో, ఏ వెలుతురులో తీశారో, రంగు నమ్మొచ్చో లేదో ఎక్కడా రాసి ఉండదు. అలాంటి ఫోటో పుస్తకం అట్టకు పనికొస్తుంది కానీ రికార్డుగా పనికిరాదు.

రికార్డు ఫోటో అంటే ఒక రకంగా కొలత. మీకు బొత్తిగా పరిచయం లేని మనిషి ఇరవై ఏళ్ల తర్వాత మీ నోట్స్ చదివి, అదే కోణంలో, అదే వెలుతురులో మళ్లీ తీసి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి పోల్చగలగాలి. కింద చెప్పేదంతా ఈ ఒక్క అవసరం కోసమే. ఖరీదైన పరికరాలు లేకుండానే ఇందులో సగానికి పైగా చేయొచ్చు. క్రమశిక్షణ లేకపోతే మాత్రం ఎంత గొప్ప కెమెరా ఉన్నా ఏమీ చేయలేం.

1. ముందు ప్రశ్న, తర్వాత కెమెరా

"అన్ని రకాల ఇమేజింగ్ చేసేద్దాం" అని మొదలుపెట్టిన పని సాధారణంగా పేరు లేని ఫైళ్ల గుట్టగా మిగులుతుంది. అందుకని ముందు కాగితం తీసుకుని, ఈ వస్తువు గురించి ఏం తెలుసుకోవాలో రాసుకోండి. గుర్తింపు కోసమా? అయితే అన్ని వైపుల నుంచి మామూలు వెలుతురులో తీసిన ఫోటోలు చాలు. అరిగిపోయిన అక్షరాలు చదవాలా? పక్క వెలుతురు కావాలి. పెయింటింగ్ మీద తర్వాతి కాలంలో ఎవరైనా రంగు దిద్దారేమోనని అనుమానమా? అతినీలలోహిత కాంతి, అంటే యూవీ. రంగు కింద వేసుకున్న మొదటి స్కెచ్ చూడాలా? ఇన్‌ఫ్రారెడ్. ఆకారం, కొలతలు మొత్తం కావాలా? 3డీ. ప్రశ్న ఇంత స్పష్టంగా ఉంటే పద్ధతి ఎంచుకోవడానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు.

కనీస గుర్తింపు రికార్డులో ఏం ఉండాలో మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. అమెరికాలోని గెట్టీ ట్రస్ట్ అనే కళా సంస్థ చొరవతో 1997లో వచ్చిన ఆబ్జెక్ట్ ఐడీ అనే ప్రమాణం ఉంది. దొంగతనానికి గురైన వస్తువును పోలీసులు, కస్టమ్స్ వాళ్లు గుర్తుపట్టడానికి వీలుగా దాన్ని తయారుచేశారు. వస్తువు రకం, పదార్థం, కొలతలు, రాతలు, గుర్తులు, ప్రత్యేక లక్షణాలు, వీటితో పాటు ఫోటోలు. ఇందులో "ప్రత్యేక లక్షణాలు" అన్న గడిని తేలిగ్గా తీసుకోకండి. ఒక అంచున పెచ్చు ఊడిన చోటు, అతికించిన గీత, పురుగు తొలిచిన రంధ్రం, ఇలాంటివే ఒకే మూసలో పోసిన రెండు వస్తువుల్లో మనది ఏదో చెప్పగలిగేవి.

2. వస్తువును ముట్టుకునే ముందు

అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పవిత్రంగా భావించే వస్తువు అయితే దాన్ని ఎవరు చూడొచ్చు, ఏ వైపు ఫోటో తీయకూడదు, ఫోటోలు ఎక్కడ పెట్టొచ్చు అన్నది దానికి సంబంధించిన సముదాయాన్నే అడగాలి. తీసేసిన తర్వాత అడగడం మర్యాద కాదు.

పాత సేకరణల్లో, ముఖ్యంగా ఈకలు, తోలు, ఉన్ని ఉన్నవాటిలో, ఒకప్పుడు పురుగు పట్టకుండా చల్లిన ఆర్సెనిక్ లాంటి విషపదార్థాలు మిగిలి ఉండొచ్చు. అలాంటివాటికి నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. లోహానికి కూడా గ్లవ్స్ వేసుకోవాలి, ఎందుకంటే చెమటలోని ఉప్పు మీద పడితే వేలిముద్ర అక్కడే తుప్పుగా స్థిరపడుతుంది. పెళుసైన కాగితానికి మాత్రం చాలామంది శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులనే ఇష్టపడతారు, గ్లవ్స్‌తో స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి కాబట్టి.

వెలుతురు కూడా దెబ్బ తీస్తుంది, ఆ దెబ్బ ఎప్పటికప్పుడు కూడుతూ పోతుంది. కాగితం, బట్ట, నీటిరంగుల లాంటి సున్నితమైనవాటిని ప్రదర్శనలో సుమారు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచుతారు, మన ఫోటో లైట్లు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే లెక్కలోకి వచ్చేది తీవ్రత ఒక్కటే కాదు, ఎంతసేపు అన్నది కూడా. కాబట్టి టెన్షన్ పడి పని మానేయక్కర్లేదు, లైట్లు వెలిగే సమయం తగ్గిస్తే చాలు. దీనికి తేలికైన ఉపాయం ఒకటుంది: అసలు వస్తువు బదులు అదే సైజు అట్టపెట్టెనో, పాత పుస్తకాన్నో పెట్టి ఫ్రేమింగ్, లైట్లు, ఫోకస్ అన్నీ సరిచూసుకోండి. అంతా కుదిరాకే అసలుదాన్ని తీసుకురండి. పని తొందరగా అవుతుంది, వస్తువు చేతులు మారడం కూడా తగ్గుతుంది.

3. గది, స్టాండు, కెమెరా

గదిని చీకటి చేయగలగాలి. కిటికీ వెలుతురు నిమిష నిమిషానికీ మారుతుంది కాబట్టి దాని మీద ఆధారపడకూడదు. గోడలు తెలుపో బూడిదో నలుపో ఫర్వాలేదు, ఎరుపు, పసుపు లాంటి రంగు గోడలతోనే చిక్కు. మీ చొక్కా సంగతీ అంతే. ఎర్ర చొక్కా వేసుకుని తెల్లటి పింగాణీ పక్కన నిలబడితే ఆ పింగాణీ ఒక పక్క లేత గులాబీ అవుతుంది, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాదు. నల్ల బట్టలు వేసుకుని వెళ్లండి.

కెమెరాకు లెన్స్ మార్చుకునే వీలు, రా ఫైల్ (కెమెరా ఏ మార్పూ చేయని మూల డేటా) ఇచ్చే సదుపాయం, పూర్తి మాన్యువల్ కంట్రోల్ ఉండాలి. ఈ మూడూ ఉంటే పదేళ్ల పాత మోడల్ కూడా ఫర్వాలేదు. లెన్స్ మాత్రం మంచిది కావాలి. 50 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య ఉన్న మాక్రో లెన్స్ గీతలను వంచదు, అంచుల దాకా షార్ప్‌గా ఉంటుంది. జూమ్ లెన్స్ వాడక తప్పకపోతే ఒక ఫోకల్ లెంగ్త్ దగ్గర పెట్టి టేప్ అంటించేయండి, మళ్లీ కదలకుండా. ఇక ఫోన్ సంగతి: అత్యవసరంగా తీయాల్సి వస్తే ఏమీ లేకపోవడం కన్నా నయమే. కానీ ఫోన్ తనంతట తనే షార్ప్‌నెస్ పెంచి, నీడలు ఎత్తి, రంగులు మార్చేస్తుంది. ఏం మార్చిందో చెప్పదు కూడా. అందుకే కొలతగా దాన్ని నమ్మలేం.

చదునైన వస్తువును (పత్రం, పెయింటింగ్, నాణెం) తీసేటప్పుడు సెన్సర్, వస్తువు రెండూ సమాంతరంగా ఉండాలి. స్పిరిట్ లెవెల్ కొంతవరకే పనిచేస్తుంది. వస్తువు ఉండే చోట, అదే తలం మీద, చిన్న చదునైన అద్దం పెట్టండి. లైవ్ వ్యూలో, అంటే కెమెరా తెర మీద, చూస్తే ఆ అద్దంలో మీ లెన్సే కనిపిస్తుంది. ఆ లెన్స్ ప్రతిబింబం ఫ్రేమ్ నట్టనడుమకు వచ్చేదాకా కెమెరాను అటూ ఇటూ వంచండి. వచ్చిందంటే కెమెరా ఆ తలానికి నిలువుగా చూస్తున్నట్టే. రెండు నిమిషాల పని ఇది. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో వంకర సరిచేసే బాధ ఉండదు, సరిచేయడంలో పోయే వివరమూ ఉండదు.

4. స్కేల్, రంగుల చార్ట్

ఈ రెండూ లేని ఫోటోను రికార్డు అనకండి. 24 గళ్ల కలర్ చార్ట్ 1976 నుంచి వాడుకలో ఉంది, దాదాపు ప్రతి సాఫ్ట్‌వేరూ దాన్ని గుర్తుపడుతుంది. చార్ట్, స్కేల్ రెండూ వస్తువు ఉపరితలం ఉన్న ఎత్తులోనే ఉండాలి. వస్తువు నాలుగు సెంటీమీటర్ల మందం ఉంటే స్కేల్ కింద నాలుగు సెంటీమీటర్ల ఫోమ్ పెట్టి లేపండి. బల్ల మీద పడుకోబెట్టిన స్కేల్ కెమెరాకు దూరంగా ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి కొలిస్తే వస్తువు అసలు కన్నా పెద్దదిగా తేలుతుంది.

వస్తువు మీద మాత్రం స్కేల్ పెట్టకండి, ఒక్క క్షణం కోసమైనా సరే. చార్ట్ గళ్లను వేలితో తాకకండి. అది కూడా రంగు పూసిన వస్తువే, వెలిసిపోతుంది, జిడ్డు పడుతుంది. వాడనప్పుడు చీకట్లో ఉంచి, వెలిసినట్టు అనుమానం వస్తే మార్చేయాలి.

5. ఎక్స్‌పోజర్, ఫోకస్, ఎన్ని పిక్సెల్స్ చాలు

అన్నీ మాన్యువల్. ఐఎస్ఓ కెమెరా ఇచ్చే కనీసం దగ్గర, మామూలుగా 100. ఎపర్చర్ ఎఫ్/8 చుట్టుపక్కల. లోతు ఎక్కువ కావాలని ఎఫ్/22కి పోతే వివర్తనం (సన్నటి రంధ్రం గుండా వెళ్లే కాంతి చెదరడం) వల్ల మొత్తం బొమ్మే మెత్తబడుతుంది. లోతున్న వస్తువుకు ఎఫ్/8 దగ్గరే ఉంచి, ఫోకస్‌ను ముందు నుంచి వెనక్కి కొద్దికొద్దిగా జరుపుతూ చాలా ఫోటోలు తీసి కలపడం మంచి దారి. షట్టర్‌ను చేత్తో నొక్కకండి, రిమోట్ లేదా రెండు సెకన్ల టైమర్. ఫోకస్ లైవ్ వ్యూలో పెద్దది చేసి, చేత్తో పెట్టి, ఆ తర్వాత ఆటోఫోకస్ ఆఫ్ చేయాలి.

ఎక్స్‌పోజర్ సరిపోయిందో లేదో కంటితో కాకుండా చార్ట్‌తో తేల్చుకోండి. మామూలు ఎస్‌ఆర్‌జీబీలో (చాలా తెరలు వాడే రంగుల ప్రమాణం) తెల్ల గడి విలువ 255కి 243 దగ్గర రావాలి. 250 దాటితే తెలుపులోని వివరం పోతున్నట్టు. వైట్ బ్యాలెన్స్ బూడిద గడి మీద పెట్టి, ఆ సెషన్ మొత్తానికి అదే ఉంచండి.

పిక్సెల్స్ లెక్క చాలామంది వదిలేస్తారు కానీ ఇది తేలికే. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో వెడల్పు 6000 పిక్సెల్స్. ఫ్రేమ్‌లో 50 సెంటీమీటర్లు పట్టించారంటే మిల్లీమీటరుకు 12 పిక్సెల్స్, అంటే అంగుళానికి సుమారు 305. పావు మిల్లీమీటరు మందం ఉన్న గీత మీద మూడు పిక్సెల్స్ పడతాయి, గీత ఉందని తెలుస్తుంది. అంతకన్నా సన్నటి పగులు చూడాలంటే దగ్గరికి వెళ్లి ముక్కలుగా తీసి కలపాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం వాళ్లు రెంబ్రాంట్ గీసిన పెద్ద పెయింటింగ్ నైట్ వాచ్‌ను 8,439 ఫోటోలుగా తీసి, 717 గిగాపిక్సెల్స్ బొమ్మగా 2022లో విడుదల చేశారు, పిక్సెల్‌కు పిక్సెల్‌కు మధ్య దూరం 5 మైక్రోమీటర్లు. మన ప్రశ్నకు అంత అవసరమా అని ముందే మిమ్మల్ని మీరు అడగండి. చాలాసార్లు అవసరం ఉండదు, హార్డ్ డిస్క్ మాత్రం నిండుతుంది.

6. మామూలు వెలుతురులో మూల సెట్

చదునైన వస్తువుకు రెండు లైట్లు, రెండు పక్కలా 45 డిగ్రీల్లో. రంగులు నిజంగా చూపించే సూచిక, అంటే సీఆర్‌ఐ, 95 పైన ఉన్న ఎల్‌ఈడీలు తీసుకోండి. వేడి తక్కువ, యూవీ దాదాపు ఉండదు. వెలుతురు సమానంగా పడుతోందా అని చూడటానికి వస్తువు చోట తెల్ల కాగితం పరిచి ఒక ఫోటో తీసి, నాలుగు మూలల్లోనూ మధ్యలోనూ విలువలు చూడండి. తేడా ఎక్కువుంటే లైట్లు జరపండి, లేదా వెనక్కి లాగండి. ఆ తెల్ల కాగితం ఫోటోను దాచుకోండి, మిగిలిన చిన్న తేడాను తర్వాత సాఫ్ట్‌వేర్‌లో దానితో సరిచేయొచ్చు.

తీయాల్సినవి: ముందు, వెనక, రెండు పక్కలు, పైన, కింద. అడుగు భాగం ఎవరూ తీయరు. నిజానికి సంతకాలు, పాత లేబుళ్లు, తయారీ గుర్తులు, మరమ్మతు జాడలు అక్కడే ఎక్కువ ఉంటాయి. ఆ తర్వాత ప్రతి రాత, ప్రతి దెబ్బ దగ్గరి నుంచి. దగ్గరి ఫోటో తీసే ముందు అది వస్తువులో ఎక్కడుందో తెలిసేలా కాస్త దూరం నుంచి ఒకటి తీయడం మరవకండి, లేకపోతే ఆరు నెలల తర్వాత ఆ పగులు ఏ మూలదో మీకే గుర్తుండదు.

వార్నిష్, గ్లేజ్ లాంటి మెరిసే ఉపరితలాలకు క్రాస్ పోలరైజేషన్ వాడాలి. రెండు లైట్ల మీదా పోలరైజింగ్ ఫిల్మ్ ఒకే దిశలో పెట్టి, లెన్స్ మీద పోలరైజర్ తిప్పుతూ పోతే ఒక దగ్గర మెరుపు ఒక్కసారిగా మాయమవుతుంది. వస్తువు పక్కన స్టీల్ గోళీ పెట్టుకుంటే ఆ క్షణం తేలిగ్గా తెలుస్తుంది. గోళీలో లైటు బొమ్మ ఆరిపోతుంది. రంగులు కూడా బాగా గాఢంగా వస్తాయి. అయితే రెండు జాగ్రత్తలు. మెరుపు కూడా వస్తువు గురించిన సమాచారమే కాబట్టి పోలరైజర్ లేకుండా కూడా ఒకటి తీయాలి. రెండోది, శుభ్రమైన లోహం ఈ పద్ధతిలో నల్లగా వచ్చేస్తుంది, లోహం నుంచి వచ్చేదంతా దాదాపు ఆ మెరుపే కదా.

7. పక్క నుంచి వెలుతురు

అన్నిటికన్నా చవకైనదీ, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. ఒక్క లైటును ఉపరితలానికి 5 నుంచి 15 డిగ్రీల కోణంలో, దాదాపు నేలబారుగా పెట్టండి. గంటంతో గీసి మసి పూయని తాళపత్రం ఎదురు వెలుతురులో ఖాళీగా కనిపిస్తుంది. అదే ఆకు మీద పక్క నుంచి లైటు పడగానే ప్రతి గీతకూ ఒక అంచు వెలిగి, ఒక అంచు నీడ పడి అక్షరాలు లేచి వస్తాయి. ఆకు ఈనెలు కూడా లేస్తాయి, అదే చిక్కు. ఈనెలు ఆకు పొడవునా అడ్డంగా సాగుతాయి కాబట్టి లైటును ఆకు చివరి నుంచి, పొడవు వెంట వేస్తే ఈనెల నీడలు తగ్గుతాయి, అడ్డ గీతలు మాత్రం సరిగా కనబడవు. పొడవాటి అంచు నుంచి, వెడల్పు వెంట వేస్తే దానికి తిరగబడుతుంది. అందుకే ఒక్క దిశ చాలదు. కనీసం నాలుగు దిశల నుంచి తీసి, లైటు ఎటు నుంచి వచ్చిందో ప్రతి ఫైలుకూ రాసుకోవాలి.

దిశ రాయకపోతే ఇంకో ప్రమాదం ఉంది. మన కన్ను వెలుతురు పైనుంచి వస్తుందని అనుకుంటుంది. కింది నుంచి వెలుతురు పడ్డ ఫోటోలో చెక్కిన గుంట ఉబ్బుగానూ, ఉబ్బు గుంటగానూ కనిపిస్తుంది. అందుకే ఒకే ఫోటో ప్రచురించాల్సి వస్తే ఎడమ పై మూల నుంచి వెలుతురు పడ్డదే ఎంచుకోవడం ఆనవాయితీ.

8. ఆర్‌టీఐ: వెలుతురును తర్వాత తిప్పుకోవడం

నాలుగు దిశలు చాలనప్పుడు ఇది, పూర్తి పేరు రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్. కెమెరా, వస్తువు కదలవు. లైటును మాత్రం గోళాకారంగా చుట్టూ తిప్పుతూ నలభై, యాభై ఫోటోలు తీస్తారు. సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ కలిపి ఒక ఫైలు చేస్తుంది, అందులో మౌస్‌తో వెలుతురును మీకు కావలసిన వైపు నుంచి వేసుకుని చూడొచ్చు. దీనికి మూలమైన పద్ధతిని హెచ్‌పీ ల్యాబ్స్‌లో టామ్ మాల్జ్‌బెండర్ బృందం 2001లో ప్రకటించింది. 2005లో అదే బృందం ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియానికి వెళ్లి, తుప్పు పట్టి ముక్కలైన ప్రాచీన గ్రీకు ఆంటికితెరా యంత్రం మీద ఈ పద్ధతి వాడింది. అంతకుముందు చదవలేని రాతలు చదవడంలో ఇది, ఎక్స్‌రే సీటీ కలిసి సాయపడ్డాయి.

చేసే విధానం: నల్లటి, నున్నటి, మెరిసే గోళీలు రెండు వస్తువు పక్కన, అదే ఎత్తులో పెట్టండి. ఫోటోలో ఒక్కో గోళీ కనీసం 200 పిక్సెల్స్ వెడల్పు రావాలి. గోళీ మీద పడ్డ లైటు చుక్కను బట్టే సాఫ్ట్‌వేర్ లైటు ఎక్కడుందో లెక్కకడుతుంది. లైటు దూరం వస్తువు కర్ణానికి మూడు, నాలుగు రెట్లు ఉండాలి, అది ప్రతిసారీ ఒకేలా ఉండాలి. దీనికి లేజర్లు అక్కర్లేదు, లైటుకు ఒక దారం కట్టి, దారం కొస వస్తువు మధ్యకు చూపించి (తాకకుండా) బిగువుగా పట్టుకుంటే దూరం కుదురుతుంది, ఫోటో తీసేముందు దారం తప్పించాలి. కోణాలు సుమారు 15 నుంచి 65 డిగ్రీల మధ్య, చుట్టూ గొడుగు ఊచల్లా పరచుకుంటూ వెళ్లాలి. మధ్యలో ఎవరి కాలైనా ట్రైపాడ్‌కు తగిలిందా, మొత్తం మళ్లీ మొదటి నుంచే. కాళ్లకు ఇసుక సంచులు వేలాడదీయండి.

9. అతినీలలోహిత కాంతి

365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న యూవీ లైటు వేస్తే కొన్ని పదార్థాలు కంటికి కనిపించే రంగుతో మెరుస్తాయి. ఆ మెరుపును ఫోటో తీస్తాం. గది పూర్తి చీకటి కావాలి, కంటికి యూవీ కళ్లజోడు, చర్మం కప్పుకోవాలి, లైటు వెలిగించే సమయం వీలైనంత తక్కువ. చవక టార్చీలు యూవీతో పాటు ఊదారంగు వెలుతురు కూడా చిమ్ముతాయి, అది వస్తువు నుంచి వెనక్కి వచ్చి మెరుపులా భ్రమ కల్పిస్తుంది. అందుకే లైటు ముందు కనిపించే కాంతిని ఆపే ఫిల్టర్, లెన్స్ ముందు యూవీని ఆపే ఫిల్టర్, రెండూ ఉండాలి.

పాత సహజ రెసిన్ వార్నిష్ ఆకుపచ్చ మంచులా మెరుస్తుంది. లక్క వార్నిష్ నారింజ రంగులోకి పోతుంది. వార్నిష్ మీద తర్వాత దిద్దిన రంగు నల్లటి మచ్చల్లా బయటపడుతుంది. జింక్ వైట్ పసుపుగా మెరుస్తుంది, టైటానియం వైట్ చీకటిగా ఉంటుంది. ఇవన్నీ సూచనలు మాత్రమే, పదార్థం ఇదేనని రూఢిగా చెప్పడానికి రసాయన పరీక్ష కావాలి. మెరుపు రంగు చూసి "ఇది పంతొమ్మిదో శతాబ్దపు జింక్ వైట్" అని రిపోర్టులో రాసేసేవాళ్లను చూస్తే నాకు భయం.

ఒక చిన్న విషయం ఇక్కడ చాలామందిని తికమక పెడుతుంది. మామూలు తెల్ల కాగితంలో, డిటర్జెంటుతో ఉతికిన బట్టల్లో తెలుపు పెంచే రసాయనాలుంటాయి, అవి యూవీలో నీలి తెలుపుగా భగ్గుమంటాయి. ఫ్రేమ్‌లో పెట్టిన కాగితం లేబుల్, మీ చొక్కా చేతులు, వస్తువు మీద పడ్డ ఒక్క నూలు పోగు కూడా మెరుస్తాయి. చుట్టుపక్కల వెలుగు పడి అసలు మెరుపు మసకబారుతుంది. ముందు మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీయించండి, అదీ కన్సర్వేటర్ ఒప్పుకుంటేనే. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే ఫోటోకో రంగు వస్తుంది, ఒకటి స్థిరం చేసి అదే వాడాలి.

10. ఇన్‌ఫ్రారెడ్

మామూలు కెమెరా సిలికాన్ సెన్సర్ సుమారు 1100 నానోమీటర్ల దాకా చూడగలదు, కానీ తయారీదారులు ముందు పెట్టే ఫిల్టర్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేస్తుంది. ఆ ఫిల్టర్ తీయించిన పాత కెమెరాకు 850 నానోమీటర్ల ఫిల్టర్ తగిలిస్తే పని మొదలుపెట్టొచ్చు. ఫిల్టర్ తీసే పని తెలిసినవాళ్ల చేతనే చేయించండి. ఫోకస్ ఇన్‌ఫ్రారెడ్‌లో మారిపోతుంది కాబట్టి ఫిల్టర్ పెట్టాక లైవ్ వ్యూలో మళ్లీ చూసుకోవాలి. కొన్ని లెన్సులు బొమ్మ మధ్యలో తెల్లటి మచ్చ వేస్తాయి, ముందే ఒక బూడిద అట్ట మీద పరీక్షించి తెలుసుకోండి.

బొగ్గు, మసి సిరా ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకుని నల్లగానే ఉంటాయి. ఇనుము, మాజుకాయలతో చేసిన సిరా మాత్రం తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ పలచబడిపోతుంది. ఒకే పేజీలో రెండు సిరాలు కలిసి ఉంటే ఏది దేని మీద, ఎవరు తర్వాత దిద్దారు అన్నది దీంతో తేలొచ్చు. చాలా రంగులు కూడా ఇన్‌ఫ్రారెడ్‌కు పాక్షికంగా పారదర్శకమవుతాయి, అందుకే అడుగున బొగ్గుతో వేసిన స్కెచ్ కనబడుతుంది. 1960లలో డచ్ పరిశోధకుడు వాన్ అస్పెరెన్ డి బూర్ దీన్ని పద్ధతిగా నిలబెట్టారు. సిలికాన్ పరిధి చాలని పెయింటింగ్‌లకు 900 నుంచి 1700 నానోమీటర్ల దాకా చూసే ఇండియమ్ గాలియమ్ ఆర్సెనైడ్ కెమెరాలు ఉన్నాయి, అవి పెద్ద ల్యాబుల వ్యవహారం.

ఫిల్టర్ తీయించిన ఆ పాత కెమెరాతోనే ఇంకో ముచ్చటైన పని చేయొచ్చు. ప్రాచీన ఈజిప్టు నీలం రంగు మీద మామూలు వెలుతురు పడితే అది 910 నానోమీటర్ల దగ్గర ఇన్‌ఫ్రారెడ్‌లో మెరుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ లేని తెల్ల ఎల్‌ఈడీ వేసి, కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ పెట్టి చీకట్లో తీస్తే, కంటికి ఏ రంగూ కనబడని రాతి విగ్రహం మీద ఆ నీలం మిగిలిన రేణువులు తెల్లటి చుక్కల్లా వెలుగుతాయి. హాలోజన్ బల్బు ఒక్కటి గదిలో వెలుగుతున్నా ఫలితం చెడుతుంది, ఎందుకంటే అందులో ఇన్‌ఫ్రారెడ్ నిండా ఉంటుంది.

ఈ దారిలో ఇంకా ముందుకెళ్తే, యూవీ నుంచి ఇన్‌ఫ్రారెడ్ దాకా ఒక్కో తరంగదైర్ఘ్యంలో విడివిడిగా తీసి లెక్కలతో కలిపే మల్టీస్పెక్ట్రల్ ఇమేజింగ్ వస్తుంది. పదో శతాబ్దంలో రాసిన గ్రీకు గణితవేత్త ఆర్కిమెడిస్ రచనల ప్రతిని పదమూడో శతాబ్దంలో గీకేసి, దాని మీద ప్రార్థనలు రాశారు. 1998లో వేలంలో 20 లక్షల డాలర్లకు అమ్ముడైన ఆ పుస్తకాన్ని బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంలో ఇలా తీశాకే కింది రాత చాలావరకు చదవగలిగారు. తర్వాతి కాలంలో దొంగ బొమ్మలు వేసి కప్పేసిన పేజీలకు అదీ చాలక సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం ఇచ్చే శక్తిమంతమైన ఎక్స్‌రే దాకా వెళ్లాల్సి వచ్చింది.

11. ఫోటోల నుంచి 3డీ

ఫోటోగ్రామెట్రీకి సూత్రం ఒకటే: వస్తువు మీద ఏ బిందువైనా కనీసం మూడు ఫోటోల్లో, వేరువేరు కోణాల్లో కనిపించాలి. పక్కపక్క ఫోటోల మధ్య 70, 80 శాతం ఉమ్మడి భాగం ఉండేలా, రెండు మూడు ఎత్తుల్లో చుట్టూ తిరిగి తీయండి. చిన్న వస్తువైతే తిరిగే బల్ల మీద పెట్టొచ్చు, అప్పుడు బ్యాక్‌గ్రౌండ్ పూర్తిగా నల్లగా ఉండాలి, లేకపోతే కదలని బ్యాక్‌గ్రౌండ్ చూసి సాఫ్ట్‌వేర్ గందరగోళపడుతుంది. కొలత తెలిసిన స్కేల్ బార్లు కనీసం రెండు పెట్టండి: ఒకటి సైజు నిర్ణయించడానికి, రెండోది అది సరిగ్గా వచ్చిందో చూడటానికి. గాజు, అద్దంలాంటి లోహం, నున్నటి తెల్ల పింగాణీ ఈ పద్ధతికి లొంగవు. పౌడర్ స్ప్రే చల్లితే వస్తుందని ఎవరైనా అంటే వినకండి, అది మ్యూజియం వస్తువు.

పెద్ద కట్టడాలకు లేజర్ స్కానింగ్ తోడవుతుంది. కళా చరిత్రకారుడు ఆండ్రూ టాలన్ పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని స్కాన్ చేసి పెట్టిన డేటా, 2019 ఏప్రిల్ 15 అగ్నిప్రమాదం తర్వాత పునర్నిర్మాణంలో పనికొచ్చింది. అది తీసినప్పుడు దాని ఉద్దేశం వేరు, ఆ కట్టడాన్ని ఎలా కట్టారో అర్థం చేసుకోవడం.

12. వస్తువు తిరిగి లోపలికి వెళ్లకముందే

లైట్లు విప్పేముందు ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు తెరిచి నూరు శాతం సైజులో చూడండి. కెమెరా చిన్న తెరలో అన్నీ షార్ప్‌గానే కనిపిస్తాయి. తీయాల్సిన ఫోటో ఏదైనా తప్పిపోయిందా అని మొదట రాసుకున్న ప్రశ్నల కాగితంతో సరిపోల్చండి. అలాగే సెటప్‌ను కూడా ఫోన్‌తో ఒక ఫోటో తీసి ఉంచండి. లైటు ఎంత ఎత్తు, కెమెరా ఎంత దూరం, ఏ ఫిల్టర్ అన్నవి నోట్స్‌లో అంకెలతో ఉండాలి. "లైటు కొంచెం ఎడమగా" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

రా ఫైళ్లను ఎప్పటికీ చెరపొద్దు. వాటి నుంచి 16 బిట్ టిఫ్ తయారుచేసి, కలర్ ప్రొఫైల్ అందులోనే పొదిగి ఉంచండి. షార్ప్‌నెస్ పెంచడం, మచ్చలు తుడవడం లాంటివి ఈ మూల కాపీలో వద్దు, పంచుకోవడానికి చేసే జేపెగ్‌లో మీ ఇష్టం. ఫైలు పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ వద్దు: ముందు వస్తువు నమోదు సంఖ్య, తర్వాత వైపు, పద్ధతి, వెలుతురు దిశ, తేదీ, వరుస సంఖ్య. "ఫైనల్", "ఫైనల్ కొత్తది" లాంటి పేర్లతో సాధించేదేమీ లేదు.

మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే ఊళ్లో. బ్రెజిల్ జాతీయ మ్యూజియం 2018 సెప్టెంబరు 2న కాలిపోయాక, అక్కడ ఎప్పుడో తీసుకున్న ఫోటోలు ఉంటే పంపమని విద్యార్థులు సందర్శకులను అడగాల్సి వచ్చింది. రికార్డు కూడా అదే భవనంలో ఉంటే అదీ వస్తువుతో పాటే పోతుంది. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలులోని డేటాను బట్టి సాఫ్ట్‌వేర్ లెక్కకట్టే గుర్తింపు సంఖ్య) లెక్కించి ఒక టెక్స్ట్ ఫైలులో ఉంచండి, ఏడాదికోసారి మళ్లీ లెక్కించి సరిపోల్చండి. డిస్క్ మీద ఒక్క బిట్ చెడినా ఆ సంఖ్య మారిపోతుంది, అప్పుడు మంచి కాపీ నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ లెక్క సరిచూసే రోజునే వస్తువుకు కూడా ఒకే ఒక్క ఫోటో, మూల సెట్‌లోని ముందువైపుది, పాత నోట్స్ ప్రకారం మళ్లీ తీసి పాతదాని మీద పెట్టి చూడండి. నోట్స్‌లో ఏం తక్కువైందో ఆ సెటప్ వేసేటప్పుడే బయటపడుతుంది.